టంగుటూరు దగ్గర నమూనా విమానాల మేళాకు పిల్లలతో వెళ్తున్నాం, ఏం చూడాలి?

కావలి గృహస్థు:

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం టంగుటూరుకు అవతల ఒక బీడు పొలంలో నమూనా విమానాలు ఎగరేసేవాళ్లందరూ కలుస్తున్నారని, చూడదలచినవారు ఎవరైనా రావచ్చని మా బంధువు ఒకాయన చెప్పారు. చెన్నై, బెంగళూరు నుంచి కూడా కొందరు తమ విమానాలు తెచ్చుకుంటారట. భోజనాల తరువాత జెట్ ఇంజన్లున్న నమూనాలతో చిన్నపాటి ప్రదర్శన ఉంటుందట. నాతో పాటు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఆరేళ్ల మా అబ్బాయి, డెబ్బై దాటిన మా నాన్నగారు వస్తారు.

2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో జరిగిన వైమానిక ప్రదర్శనకు నేను, అమ్మాయి వెళ్లాం. వైమానిక దళం వారి సూర్యకిరణ్ విన్యాస విమానాలను చూసి పిల్ల ఎంతగా మురిసిపోయిందో, తిరిగి రైల్వే స్టేషనుకు చేరేలోపు ఆ ఎండలో, ఆ జనంలో అంతగా నలిగిపోయింది. అందువల్ల ఈసారి ఎప్పుడు చేరాలి, ఎటువైపు కూర్చోవాలి, చిన్నవాడిని ఎంత దూరంలో ఉంచాలి అనేవి ముందే తెలుసుకుని వెళ్లాలని నా ఉద్దేశం. అమ్మాయికి ప్రతిదానికీ కారణం కావాలి, నాకేమో ఈ విషయంలో ఓనమాలు రావు. ఇక మా నాన్నగారి ప్రశ్న మరొకటి: అసలు విమానాలు చూసి వచ్చిన పిల్లకు బొమ్మ విమానాల్లో కొత్తగా చూసేదేముంటుంది అని. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

పెన్నా గట్టు:

కావలి గారికి నమస్కారం. నేను నెల్లూరులో ఉంటాను. ఈ పిచ్చి నాకు చాలాకాలంగా ఉంది. ఇలాంటి మేళాకు వెళ్లేవారిలో ఎక్కువమంది టిఫిన్లు ముగించి తీరిగ్గా పదకొండింటికి చేరుతారు, అప్పటికి అసలు సంగతి సగం అయిపోయి ఉంటుంది. మన తీరంలో ఈ కాలంలో తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి, అంటే పడమటి నుంచి, మెల్లగా వీస్తుంది. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. ఈ రెంటి నడుమ గాలి దాదాపు ఆగినట్టుండే ఆ కాసేపే చిన్న విమానాలకు మంచి సమయం. ఫోము షీటుతో చేసిన తేలికపాటివి, కొత్తగా నేర్చుకుంటున్నవారి శిక్షణ విమానాలు అన్నీ అప్పుడే ఎగురుతాయి. మధ్యాహ్నపు గాలిని తట్టుకోగలిగేవి బరువైన పెద్ద విమానాలు, జెట్లు మాత్రమే కాబట్టి వాటిని భోజనాల తరువాతకు పెట్టి ఉంటారు. మీరు ఆరింటికే కావలిలో బయలుదేరండి. పొగమంచు పట్టి ఉంటే మొదటి విమానం లేవడం కొంత ఆలస్యమవుతుంది, కానీ ఆ ఆలస్యం కూడా మీకు లాభమే. ఎందుకో కింద చెబుతాను.

కూర్చునే చోటు గురించి. గాలి తూర్పు పడమరలుగా మారుతుంది గనుక రన్‌వేను కూడా తూర్పు పడమరలుగానే వేసి ఉంటారు. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు కాబట్టి పైలట్లు, ప్రేక్షకులు రన్‌వేకు దక్షిణాన ఉండి ఉత్తరం వైపు చూస్తారు. ఎండ వీపు మీద పడుతుందే గానీ కళ్లలో పడదు. ఇది మన సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు కాదు. సూర్యుడికి అడ్డంగా వెళ్లిన నమూనా విమానం పైలట్ కంటికి నల్లటి మరకలా కనిపిస్తుంది; అది తనవైపు వస్తోందో, తన నుంచి పోతోందో, ఏ రెక్క పైకి లేచిందో తెలియదు. రెండు మూడు క్షణాలు తెలియకపోతే చాలు, విమానం పోయినట్టే. నాన్నగారికి గొడుగూ, కుర్చీ తీసుకెళ్లండి. నీడ ఉంటుందని నమ్ముకోవద్దు.

ఇప్పుడు ఆ ఆలస్యం సంగతి. మేళాలో చూడవలసినది ఆకాశంలో కంటే నేల మీదే ఎక్కువ ఉంటుంది. రన్‌వేకు వెనుక తాడు కట్టిన చోట, పైలట్లు తమ విమానాలను బల్లల మీద, చాపల మీద పెట్టుకుని సిద్ధం చేస్తుంటారు. దాన్ని పిట్స్ అంటాం. మంచు విడిచేవరకు అందరూ అక్కడే ఉంటారు కాబట్టి అడిగితే ఓపిగ్గా చెబుతారు. అమ్మాయిని అక్కడకు తీసుకెళ్లి, ఎవరైనా విమానాన్ని రెక్కల కింద రెండు చూపుడు వేళ్ల కొనల మీద నిలబెట్టి చూస్తుంటే గమనించమనండి. ముక్కు కొంచెం కిందికి వాలితే ఆయన సంతోషిస్తాడు. తోక వాలితే తల అడ్డంగా ఊపి, బ్యాటరీని అంగుళమో అరంగుళమో ముందుకు జరిపి మళ్లీ వేళ్ల మీద పెడతాడు. ఆయన చూసేది గరిమనాభి, అంటే విమానం బరువంతా సమతూకమయ్యే బిందువు. మామూలు శిక్షణ విమానంలో అది రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి పావు వంతు, మూడో వంతు మధ్య ఉండాలి. దానికి వెనక్కి పోతే విమానం పైకెగిరిన మరుక్షణం ముక్కు ఎత్తి, వేగం పోగొట్టుకుని, ఎవరి మాటా వినకుండా పడుతుంది. పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన పిల్లకు ఆ రెండు వేళ్ల పరీక్ష ఒక పూట పాఠం కంటే ఎక్కువ చెబుతుంది.

గ్లో ఇంజన్ మొదలుపెట్టేటప్పుడు కూడా దగ్గరగా చూడండి, కానీ ప్రొపెల్లర్‌కు సరిగ్గా పక్కన, అది తిరిగే వరుసలో మాత్రం నిలబడవద్దు. ఆ ఇంజన్‌కు పెట్రోలు కాదు, మిథనాలులో ఆముదమో కృత్రిమ నూనెయో కలిపి, కొంత నైట్రోమీథేన్ చేర్చిన ఇంధనం పోస్తారు. మొదట ప్లగ్గులోని సన్నటి ప్లాటినం తీగను చిన్న బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకున్నాక ఆ బ్యాటరీ తీసేసినా మంట ఆగదు. అప్పుడు ఒకరు విమానాన్ని పట్టుకుని ముక్కును ఆకాశానికి నిలువుగా ఎత్తుతారు, మరొకరు ఇంధనాన్ని పెంచి తగ్గించే సూది మరను కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి పెట్టి వింటారు. నిలువుగా ఎత్తినప్పుడు శబ్దం సన్నబడి ఇంజన్ నీరసిస్తే ఇంధనం చాలడం లేదని అర్థం, మర కొంచెం వదులు చేయాలి. ఇదంతా చెవితో చేసే పని. ఇప్పుడు చాలామంది విద్యుత్ మోటార్లకు మారిపోయారు, శుభ్రంగా ఉంటాయి, మంచిదే. కానీ ఆ కాలిన ఆముదం వాసన లేని మేళా నాకు మేళా అనిపించదు.

చిన్నవాడి విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: తాడు దాటనివ్వవద్దు, తిరుగుతున్న ప్రొపెల్లర్ ఉన్నచోట చేయి వదలవద్దు. విద్యుత్ మోటారు ఆగి ఉన్నట్టే ఉంటుంది, బ్యాటరీ తగిలించి ఉంటే ఏ క్షణాన్నైనా తిరగవచ్చు.

ఒంగోలు విశ్రాంత:

నేను వైమానిక దళంలో సాంకేతిక విభాగంలో పనిచేసి విరమణ పొందినవాడిని. కావలి గారి నాన్నగారి ప్రశ్న నాకు నచ్చింది కాబట్టి దానికే జవాబు రాస్తున్నాను.

పెద్ద ప్రదర్శనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సూర్యకిరణ్ దళం 1996లో కిరణ్ విమానాలతో మొదలైంది. 2011లో ఆగిపోయి, 2015లో హాక్ విమానాలతో మళ్లీ లేచింది. తొమ్మిది విమానాలు కొద్ది మీటర్ల ఎడంతో ఒకే ఆకారంలో తిరగడం వెనుక ఎంత సాధన ఉంటుందో నేల మీద పనిచేసిన మాకు తెలుసు. ధ్రువ్ హెలికాప్టర్ల సారంగ్ దళం 2003లో ఏర్పడింది. ఇవన్నీ బెంగళూరు దగ్గర యలహంకలో రెండేళ్లకొకసారి జరిగే ఏరో ఇండియాలో చూడవచ్చు. అక్కడ కొన్ని రోజులు వ్యాపార ప్రతినిధులకు, కొన్ని రోజులు టికెట్టు కొన్న ప్రజలకు కేటాయిస్తారు. పౌర విమానాల మీద ఆసక్తి ఉంటే హైదరాబాదు బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ఉంది. మెరీనా ప్రదర్శన ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు మిట్ట ఎండలో జరిగింది. ఆ రోజు వేడికి కొందరి ప్రాణాలే పోయాయి. డెబ్బై దాటిన పెద్దాయనతో అలాంటి చోటికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

మన ప్రాంతం వారికి అసలు విమానాలు కళ్లెదుట దిగిన సందర్భం కూడా ఉంది. అద్దంకి దగ్గర 16వ నెంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున సిమెంటు కాంక్రీటుతో అత్యవసర రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న అక్కడ తొలి పరీక్ష జరిగింది. 2024 మార్చి 18న సుఖోయ్-30, హాక్ విమానాలు నేల దాకా వచ్చి తాకకుండా లేచిపోగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి, మళ్లీ ఎగిరాయి. మీరు టంగుటూరు వెళ్లే రహదారి కూడా అదే. అయితే వాటిని చూడటానికి మనం అనుకున్న రోజు రావు కదా.

ఇక నమూనా విమానంలో కొత్తగా చూసేది ఏమిటంటే, అది అసలు విమానానికి చిన్న ప్రతి అనుకుంటాం గానీ, గాలికి మాత్రం అది వేరే వస్తువు. ఒక విమానాన్ని అయిదో వంతుకు తగ్గించి కట్టారనుకోండి. పొడవు అయిదో వంతు అవుతుంది, రెక్కల వైశాల్యం ఇరవై అయిదో వంతు అవుతుంది, బరువు ఘనపరిమాణాన్ని బట్టి నూట ఇరవై అయిదో వంతుకు పడిపోతుంది. అంటే రెక్కలో ప్రతి చదరపు అడుగూ మోయవలసిన భారం అయిదో వంతే. ఆ భారపు వర్గమూలాన్ని బట్టి, గాలిలో నిలబడటానికి కావలసిన కనీస వేగం సగానికి కొంచెం తక్కువవుతుంది. ఇక్కడే చిత్రం ఉంది: పొడవు అయిదో వంతుకు తగ్గినా వేగం సగం దగ్గరే ఆగిపోయింది కాబట్టి, తన పొడవుతో పోల్చుకుంటే నమూనా అసలు దానికంటే రెట్టింపుకు మించిన తొందరలో పోతున్నట్టు కనిపిస్తుంది. మేళాలో పాత యుద్ధ విమానపు నమూనా ఏదైనా లేస్తే చూడండి, ఆకారం అచ్చం ఉంటుంది, నడక మాత్రం పిచ్చుక నడక. మంచి పైలట్ దాన్ని సగం శక్తితో, వెడల్పైన మలుపులతో బరువుగా నడిపిస్తాడు. అది చూసినప్పుడే నేను చప్పట్లు కొడతాను. మోటారు బలం విమానం బరువును మించి ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్‌ను మాత్రమే ఆధారం చేసుకుని విమానం గాలిలో నిలువుగా వేలాడే విన్యాసాలు కూడా చేస్తారు. పిల్లలకు అవే నచ్చుతాయి. నాకు అంతగా నచ్చవు.

విడవలూరు రైతు:

నాకు విమానాల గురించి తెలియదు, రొయ్యల గుంటల గురించి తెలుసు. మేళాలో అయితే నిర్వాహకులు చూసుకుంటారు. కానీ ఇలాంటివి చూసి వచ్చిన పిల్లలు మరుసటి వారమే ఒకటి కొనుక్కుని గట్ల మీదికి వస్తున్నారు, అందుకని రాస్తున్నాను. విమానం గుంటలో పడితే తెచ్చుకోవడానికి మీరుగా నీళ్లలో దిగవద్దు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు తీగలు నీళ్ల పక్కనే, కొన్నిచోట్ల నీళ్లలోనే పోయి ఉంటాయి. కాపలా మనిషిని పిలిస్తే మోటార్లు ఆపి ఆయనే తీసిస్తాడు. పిట్టలు వాలకుండా గుంటల మీద సన్నటి తీగలు లాగి ఉంటాయి, అవి పైనుంచి కనిపించవు, రెక్క తగిలితే తెగేది మీ రెక్కే. కెమెరా ఉన్న విమానమైతే ముందుగా గుంట ఆసామిని అడగండి, దొంగతనానికి చూసిపోతున్నారని అనుకునేవారు కూడా ఉంటారు.

పెన్నా గట్టు:

రైతు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఈ విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉప్పునీళ్లలో పడినా, గట్టి దెబ్బ తిన్నా, వెంటనే ఏమీ కాకపోయినా తరువాత ఎప్పుడో మంట పట్టవచ్చు. తీసిన వెంటనే కారులో పెట్టుకోకుండా ఆరుబయట ఇసుక బకెట్లో ఉంచాలి. ఎండలో నిలిపిన కారులో మంచి బ్యాటరీని కూడా వదలకూడదు. మన వైపు మార్చి నెలకే కారు లోపల ఎంత కాలుతుందో చెప్పక్కరలేదు.

పాత కేడెట్:

నేను ఒంగోలులో అధ్యాపకురాలిని. కళాశాల రోజుల్లో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనా విమానాలు నడిపాను. ఇక్కడ అందరూ రేడియోతో నడిచేవాటి గురించే రాశారు గనుక, కావలి గారి అమ్మాయి కోసం తీగలతో నడిచేవాటి గురించి చెబుతాను. వాటిని కంట్రోల్ లైన్ విమానాలంటారు. విమానం ఎడమ రెక్క నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు బయటికి వచ్చి పైలట్ చేతిలోని పిడికి చేరుతాయి. పైలట్ మధ్యలో నిలబడితే విమానం చుట్టూ వలయంగా తిరుగుతుంది. పిడిని పైకి వంచితే ఒక తీగ బిగిసి తోక మీది పలక లేచి విమానం పైకెక్కుతుంది, కిందికి వంచితే దిగుతుంది. అంతే నియంత్రణ. అయినా ఆ రెండు తీగల్లో గాలి లాగుడు మొత్తం చేతికి తెలుస్తుంది. రేడియో విమానంలో ఆ స్పర్శ ఉండదు. మొదటిసారి తల తిరుగుతుంది, అది సహజమే. విమానం మీదే చూపు ఉంచి, నేల వైపు చూడకపోతే సర్దుకుంటుంది. కరెంటు తీగలు ఉన్నచోట మాత్రం దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఎగరేయకూడదు, చేతిలో ఉన్నది ఉక్కు తీగ కాబట్టి.

మా కాలంలో రేడియో విమానాలకు, వాటిని నడిపే చేతి పెట్టె అయిన ట్రాన్స్‌మీటర్ల వల్ల ఇంకో గండం ఉండేది. ఒకరి ట్రాన్స్‌మీటర్, మరొకరి ట్రాన్స్‌మీటర్ ఒకే చానెల్‌లో ఉంటే రెండో ఆయన స్విచ్ వేసిన క్షణంలో మొదటి ఆయన విమానం గాలిలోనే అనాథ అయ్యేది. అందుకని మైదానంలో ఒక పలక పెట్టి, చానెల్ క్లిప్పు ఎవరి దగ్గర ఉంటే వారే స్విచ్ వేయాలని నియమం పెట్టేవారు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక విమానంలోని ప్రతి రిసీవరు తనకు జతపరచిన ట్రాన్స్‌మీటర్ మాట మాత్రమే వింటుంది, ఆ బెడద పోయింది. ఇప్పటి పిల్లలకు ఆ పలక సంగతి చెబితే నమ్మరు.

అమ్మాయి వచ్చే ఏడాది ఇంటర్‌కు వెళ్తుంది కాబట్టి, చేరబోయే కళాశాలలో ఎన్.సి.సి. వైమానిక విభాగం ఉందేమో తెలుసుకోండి. ఆ విభాగం 1950లోనే మొదలైంది, నమూనా విమానాల తయారీ అందులో శిక్షణలో భాగం, ఏటా జరిగే వాయు సైనిక్ శిబిరంలో వాటికి పోటీలు కూడా ఉంటాయి.

కావలి గృహస్థు:

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం వెళ్లివచ్చాం. ఏడున్నరకు చేరేసరికి పొలమంతా మంచు. అవతల పొగాకు బ్యారన్లు కూడా కనిపించడం లేదు. పెన్నా గట్టు గారు చెప్పినట్టే ఆ సమయం మాకు కలిసొచ్చింది. చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తన విమానాన్ని అమ్మాయి చేతికే ఇచ్చి వేళ్ల మీద నిలబెట్టమన్నారు. తోక వాలుతోందని చెప్పగానే బ్యాటరీని ఎటు జరపాలో కూడా దాన్నే చెప్పమన్నారు. మా నాన్నగారు మాత్రం రెక్కలో వాడిన బాల్సా కర్రను గోటితో నొక్కి చూసి, ఇంత తేలిక కర్ర మన వైపు ఎందుకు పెరగదని అడిగి, అది దక్షిణ అమెరికా నుంచి వస్తుందని విని, చాలాసేపు ఆ చెట్టు గురించే మాట్లాడారు. బాల్సా కొనలేనివారు సన్‌బోర్డు షీట్లతో చేసినవి కూడా తెచ్చారు. ఒకదాని రెక్క లోపలి వైపున పాత ఎన్నికల బోర్డు మీది ముఖం సగం కనిపిస్తోంది. ఏ పార్టీయో చెప్పను.

పదకొండు దాటాక గాలి తిరిగింది. గాలి దిశ చూపడానికి కట్టిన గాలిగుడ్డ మొదట వాలిపోయి, కాసేపటికి పడమటి వైపుకు సాగి నిలబడింది. అంతవరకు పడమటికి పరుగెత్తి లేచిన విమానాలన్నీ ఆ తరువాత తూర్పుకు పరుగెత్తాయి. ఆ మార్పు జరిగే సమయంలోనే ఒక కుర్రవాడి శిక్షణ విమానం దూరంగా పోయి పక్కనున్న జామాయిల్ తోటలో పడింది. అతను తనవైపు వస్తున్న విమానాన్ని ఎడమకు తిప్పబోయి కుడికి తిప్పాడని పక్కనున్నవారు అన్నారు. ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయట. ఏ రెక్క కిందికి వాలితే స్టిక్కును ఆ రెక్క వైపే నెట్టి ఆసరా ఇవ్వాలని అనుకుంటే తికమక ఉండదని అతనికి అక్కడే నేర్పారు. విమానం దొరికింది, ముక్కు చితికింది, భోజనాల వేళకే జిగురు పెట్టి అతికించేశారు.

జెట్ల సంగతి రాయకుండా ఉండలేను. ఒకాయన అగ్నిమాపక సిలిండరు పట్టుకుని పక్కన నిలబడితేనే రెండో ఆయన టర్బైన్ మొదలుపెట్టారు. ముందు చిన్న మోటారు ఈల వేసినట్టు తిప్పింది, తరువాత లోపల ఇంధనం అందుకుని భగ్గుమంది, ఆపై ఈల సన్నబడుతూ పోయింది. కిరోసిన్‌లో కొంచెం నూనె కలిపి వాడతారని, పూర్తి వేగంలో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుందని చెప్పారు. చిన్నవాడు చెవులు మూసుకుని మరీ చూశాడు. పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లాం. అక్కడ టీ తప్ప ఏమీ దొరకలేదు.

ఇప్పుడు అమ్మాయి నేర్చుకుంటానంటోంది. పరీక్షలయ్యాక అని ఒప్పించాను. దేనితో మొదలుపెట్టాలి, అనుమతులేమైనా కావాలా?

పెన్నా గట్టు:

విమానం కొనకండి, ముందు ట్రాన్స్‌మీటర్ కొనండి. దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే సిమ్యులేటర్‌లో ఎగరేయవచ్చు, ఎన్నిసార్లు పడినా నష్టం లేదు. ఆ ఎదురు వచ్చేటప్పటి తికమక పూర్తిగా పోయేవరకు అందులోనే ఉండనివ్వండి. తరువాత రెక్క పైన ఉండే ఫోము శిక్షణ విమానం తీసుకోవచ్చు. రెక్కలు కొసల వైపు కొంచెం పైకి వంగి ఉంటే అది ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. మొదటి కొన్ని వారాలు తెలిసినవారి ట్రాన్స్‌మీటర్‌కు మీ ట్రాన్స్‌మీటర్‌ను జతచేసి ఎగరేయిస్తే, విమానం చేయి దాటుతున్నప్పుడు గురువు ఒక స్విచ్‌తో నియంత్రణ వెనక్కి తీసుకోవచ్చు. లైపో బ్యాటరీని ఒక్కో సెల్లుకు 4.2 వోల్టులకు మించి ఎక్కించకూడదు, 3 వోల్టుల కంటే దిగనివ్వకూడదు.

నియమాల విషయానికొస్తే, మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు నమూనా విమానాలకు కూడా వర్తిస్తాయి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో తరగతి. సరదాకు ఎగరేసే మైక్రోకు పైలట్ లైసెన్సు అవసరం లేదు. కంటికి కనిపించేంత దూరంలోనే నడపాలి. పౌర విమానయాన అధికారుల డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని పటంలో ఆకుపచ్చగా ఉన్నచోట 400 అడుగుల ఎత్తు దాటకూడదు. కావలి చుట్టుపక్కల బీళ్లకు ఇబ్బంది ఉండదనుకుంటాను, కానీ శ్రీహరికోట వైపో, కృష్ణపట్నం ఓడరేవు వైపో వెళ్లేటప్పుడు ఆ పటం చూడకుండా బ్యాటరీ తగిలించవద్దు. మైపాడు ఇసుకలో ఎగరేయాలని చాలామందికి సరదా ఉంటుంది. ఆ ఇసుక, ఉప్పుగాలి మోటారు బేరింగులను, రెక్కల, తోక పలకలను కదిపే సర్వోలను తినేస్తాయి. కోతలయ్యాక పొలాలు ఎండిపోయిన ఏప్రిల్, మే నెలల్లో, తెల్లవారుజామున, ఆసామిని అడిగి ఎగరేసుకోండి. గరుడపక్షులు తిరుగుతుంటే దించేయండి, అవి తేలికపాటి విమానాల మీదికి నిజంగానే దూకుతాయి.

ట్రాన్స్‌మీటర్ కొనేముందు ఒకటి చూసుకోండి. ఇంజన్ శక్తి పెంచే స్టిక్కు ఎడమ చేతి వైపు ఉండేది మోడ్ 2, కుడి చేతి వైపు ఉండేది మోడ్ 1. నెల్లూరులో మా బృందమంతా మోడ్ 2. అమ్మాయికి ఎవరు నేర్పబోతున్నారో వారిని అడిగి, వారి దగ్గరున్నదే కొనండి. మా దగ్గరికే తీసుకొస్తానంటే ఇక్కడే సందేశం పెట్టండి, ఏ ఆదివారం ఎక్కడ ఎగరేస్తున్నామో చెబుతాను.